తోడేళ్లను తలల లెక్కన కొలవలేం

2021-22 చలికాలంలో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కు సరిహద్దు దాటి బయటికి వచ్చిన తోడేళ్లలో 25 వేటగాళ్ల చేతిలో చనిపోయాయి. పార్కులో అప్పటికి ఉన్న తోడేళ్లలో అది ఇంచుమించు ఐదో వంతు. అంతకు ముందు మోంటానా రాష్ట్రం, పార్కును ఆనుకుని ఉన్న రెండు వేట మండలాల్లోనూ ఏడాదికి చెరొక తోడేలును మించి చంపకూడదన్న పరిమితిని పాటించేది. 2021లో ఆ పరిమితిని ఎత్తివేసింది. దేశమంతటా విమర్శలు వచ్చినప్పుడు ఆ నిర్ణయాన్ని సమర్థించినవాళ్లు ఒకటే మాట అన్నారు: రాష్ట్రం మొత్తం మీద 1,100 తోడేళ్ల దాకా ఉన్నాయి, అందులో ఇవెన్ని? కూడికలూ తీసివేతల ప్రకారం చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ చలికాలం ముగిసేసరికి ఫాంటమ్ లేక్ అనే ఒక గుంపు మొత్తానికి మొత్తం లేకుండా పోయిందని పార్కు అధికారులు తేల్చారు. 1,100లో నుంచి 25 తీసేస్తే 1,075 మిగులుతాయి. ఒక గుంపు పోతే ఏం మిగులుతుందన్న ప్రశ్నకు ఆ లెక్కలో జవాబు లేదు.

తోడేళ్లకైనా, వాటి చిన్న దాయాదులైన కయోటీలకైనా అడవిలో ఉన్న ప్రాధాన్యం అవి ఎన్ని ఉన్నాయన్న దాని మీద కంటే ఎలా కలిసి బతుకుతున్నాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. వాటిని ద్వేషించేవాళ్లూ, నెత్తిన పెట్టుకునేవాళ్లూ కూడా ఈ సంగతిని ఒకే రకంగా పట్టించుకోవడం లేదని చెప్పడానికే ఈ వ్యాసం. నేను ఉండేది కొలరాడోలో. 2020 నవంబరులో ఈ రాష్ట్రంలో తోడేళ్లను తిరిగి తేవాలా వద్దా అన్న విషయాన్ని నేరుగా ఓటర్ల ముందు పెట్టినప్పుడు తేవాలని ఓటేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ప్రతిపాదన 51 శాతం కూడా రాకుండా, అంచు మీద నెగ్గింది. నెగ్గించింది డెన్వరు చుట్టుపక్కల నగరాలవాళ్లం. తోడేళ్లు వచ్చి చేరేది మాత్రం కొండలకు అవతల, పడమటి వైపు, ఎక్కువ మంది వద్దన్న జిల్లాల్లో. కాబట్టి ఓటేసి చేతులు దులుపుకునే హక్కు నాకు లేదనుకుంటాను.

తోడేళ్ల గుంపు అనగానే చాలామందికి ఒక బలమైన మగ తోడేలు, దాని పెత్తనం, పై స్థానం కోసం కొట్లాటలు మనసులో మెదులుతాయి. ఆల్ఫా అనే ఆ ఊహ 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలనల నుంచి బలపడింది. ఒకదానికొకటి పరాయివైన జంతువులను ఒకే ఆవరణలో పడేస్తే అవి కొట్టుకోక ఏం చేస్తాయి? డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో ఆ ఊహను విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చి, ఆ తరువాత ఏళ్ల తరబడి అడవి తోడేళ్లను దగ్గరగా గమనించి, 1999లో ఆ మాటను వాడడం మానుకోవాలని తానే రాశాడు. అడవిలో గుంపు అంటే సాధారణంగా ఒక తల్లీ తండ్రీ, ఆ ఏటి పిల్లలూ, కిందటేటి పిల్లలూ, ఒక్కోసారి అంతకు ముందు ఏటివీ. ఈడొచ్చిన పిల్లలు ఒకటి నుంచి మూడేళ్ల లోపు ఇల్లు వదిలి జత వెతుక్కుంటూ పోతాయి. ఇందులో పెత్తనం కోసం పోరాటం దాదాపు ఉండదు. తల్లిదండ్రుల మాట చెల్లుతుంది, అంతే.

ఈ కుటుంబంలో ఎవరి పని ఏమిటన్నది యెల్లోస్టోన్‌లో జరిగిన పరిశోధనల వల్ల చాలా వివరంగా తెలిసింది. తోడేలు వేట నైపుణ్యం రెండు మూడేళ్ల వయసులోనే పరాకాష్ఠకు చేరి, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది. ఎల్క్ అనే పెద్ద దుప్పి జాతిని పడగొట్టడానికి నాలుగు తోడేళ్లు చాలు. గుంపులో అంతకన్నా ఎక్కువ ఉన్నా వేట ఫలించే అవకాశం పెద్దగా పెరగదు. అడవి దున్న లాంటి బైసన్‌ను లొంగదీయాలంటే మాత్రం తొమ్మిది నుంచి పదమూడు దాకా కావాలి. అంటే పది తోడేళ్లున్న గుంపు తినగలిగేదీ, అయిదు తోడేళ్లున్న రెండు గుంపులు తినగలిగేదీ ఒకటి కాదు. తలలు మాత్రం రెండు చోట్లా పదే. ఇక ఆరేళ్లు దాటిన ముసలి తోడేలు వేటలో వెనకబడుతుంది కాబట్టి దాని వల్ల ఉపయోగం లేదనుకుంటాం కదా, అక్కడే ఈ పరిశోధన ఒక విశేషాన్ని బయటపెట్టింది. పక్క గుంపుతో పోరు వచ్చినప్పుడు, ఎదుటివాళ్ల కంటే ఒక ముసలి తోడేలు అదనంగా ఉన్న గుంపుకు గెలిచే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువ. తోడేళ్లను తోడేళ్లే చంపుకునే ఆ అడవిలో ఎప్పుడు తలపడాలో ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన పెద్దదిక్కు ఉండడం కోరల బలానికి తీసిపోదన్నమాట. వేటగాడి అనుమతి పత్రంలో ఈ ముసలిదానికీ నిరుడు పుట్టిన పిల్లకూ తేడా లేదు.

ఒక్క గుంపు కథ చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. యెల్లోస్టోన్‌ను 1872లో నేషనల్ పార్కుగా ప్రకటించినా, దుప్పుల్ని కాపాడడం పేరుతో తోడేళ్లను చంపించింది స్వయంగా పార్కు యంత్రాంగమే. 1926 నాటికి అక్కడ తోడేళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు డెబ్బై ఏళ్ల తరువాత, 1995 జనవరిలో కెనడాలోని ఆల్బెర్టా నుంచి 14 తోడేళ్లనూ, మరుసటి ఏడు బ్రిటిష్ కొలంబియా నుంచి 17 తోడేళ్లనూ తెచ్చి, కొన్ని వారాల పాటు కంచె వేసిన ఆవరణల్లో ఉంచి వదిలారు. అలా వచ్చినవాటిలో తొమ్మిదో నంబరు ఆడ తోడేలూ, పదో నంబరు మగ తోడేలూ జత కట్టాయి. 1995 ఏప్రిల్‌లోనే పదో నంబరు తోడేలును రెడ్ లాడ్జ్ అనే ఊరి దగ్గర ఒక వ్యక్తి అక్రమంగా కాల్చి చంపాడు. దాదాపు అదే సమయానికి తొమ్మిదో నంబరు తోడేలు, గూడంటూ లేని చోట, ఒక చెట్టు కింద ఎనిమిది పిల్లల్ని కన్నది. వేటాడి తెచ్చిపెట్టే తోడు లేకపోతే పిల్లలతో సహా తల్లి కూడా బతకదని గ్రహించి, పార్కు సిబ్బంది వాటన్నింటినీ పట్టి హెలికాప్టర్‌లో మళ్లీ ఆవరణకు చేర్చి శరత్కాలం దాకా మేపారు. వాటిని బయటికి వదిలే సమయానికి, మరో గుంపులో అన్నదమ్ముల కంటే చిన్నగా ఉండి వాటి చేత ఏడిపించబడుతూ వచ్చిన ఎనిమిదో నంబరు మగ తోడేలు ఎక్కడి నుంచో వచ్చి, తనవి కాని ఆ ఎనిమిది పిల్లలకూ తండ్రి స్థానంలో నిలబడింది. ఆ పిల్లల్లో ఒకటైన ఇరవై ఒకటో నంబరు తోడేలు పెద్దయ్యాక డ్రూయిడ్ పీక్ గుంపులో, పార్కు బయట పెద్ద మగవాటిని పోగొట్టుకున్న కుటుంబంలో, చేరి అక్కడి పిల్లల్ని పెంచింది. 2001 నాటికి ఆ గుంపులో 37 తోడేళ్లు ఉండేవి. ఒకే ఒక్క తూటా ఒక గుంపును దాదాపు మొదట్లోనే తుడిచేసేది. మనుషులు పూనుకుని, ఒక కుర్ర తోడేలు తనంతట తాను వచ్చి చేరబట్టి ఆగింది. అన్ని గుంపులకూ హెలికాప్టర్లు రావు.

ఆ గుంపులు స్థిరపడిన లమార్ లోయలో మొదటి దెబ్బ తిన్నది ఎల్క్‌లు కావు, కయోటీలు. తోడేళ్లు లేని డెబ్బై ఏళ్లలో మన నక్కకు దాయాది వరస అనదగిన ఈ జంతువు అక్కడ గుంపులు కట్టి, పెద్ద వేటజంతువు స్థానాన్ని ఆక్రమించింది. తోడేలు బరువు నలభై యాభై కిలోలు, కయోటీది పది పదిహేను కిలోలు. తోడేళ్లు వచ్చిన రెండు మూడేళ్లలోనే పార్కు ఉత్తర భాగంలో కయోటీలు దాదాపు సగానికి తగ్గిపోయాయి. ఇది ఎలా జరుగుతుందో నేను కళ్లారా చూశాను. ఆ లోయలో రోడ్డు పక్కన తెల్లవారకముందే స్టాండ్ల మీద స్పాటింగ్ స్కోపులు నిలబెట్టుకుని జనం వరసగా నిలబడి ఉంటారు. ఒకాయన తన స్కోపులో చూడమన్నాడు. మంచు మీద ఎల్క్ కళేబరం, దాని పక్కన కడుపు నిండి పడుకున్న తోడేళ్లు, చుట్టూ కాకులు, ఒక డేగ. కొంత దూరంలో ఒక కయోటీ కూర్చుంటుంది, లేస్తుంది, పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది, పక్కకు చూస్తూ తనకు ఆ మాంసంతో పని లేనట్టు ఒళ్లు విరుచుకుంటుంది. చివరికి చటుక్కున వచ్చి పక్కటెముకల దగ్గర ఒక ముక్క పీకేలోపే ఒక తోడేలు లేచింది. ఆ కయోటీ తోక ముడిచి వాగు వైపు పరుగెత్తిన వేగం చూస్తే అది ఆటగా చేస్తున్న దొంగతనం కాదని తెలిసిపోతుంది. కయోటీలు తోడేళ్లకు చిక్కి చచ్చేది ఎక్కువగా ఇలాంటి కళేబరాల దగ్గరే. అయినా అవి రాక మానవు, ఎందుకంటే తోడేళ్లు వదిలేసే మాంసమే చలికాలంలో వాటికీ, కాకులకూ, డేగలకూ, ఎలుగులకూ, ఆఖరికి పురుగులకూ తిండి. తరిమేదీ తోడేలే, తిండి పెట్టేదీ తోడేలే.

కయోటీలు తగ్గితే ఏమవుతుందన్నదానికి దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్ ప్రాంతంలో దొరికిన జవాబు నాకు చాలా ఇష్టం. ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు పిల్లలు పుట్టిన మొదటి వారాల్లో ఎక్కువగా కయోటీల పాలవుతాయి. తోడేళ్లు మాత్రం అంత చిన్న పిల్లల కోసం వెతుకుతూ సమయం వృథా చేసుకోవు. తోడేళ్లు తిరిగే చోట ప్రాంగ్‌హార్న్ పిల్లలు బతికే రేటు తోడేళ్లు లేని చోట కంటే నాలుగు రెట్లు ఉన్నట్టు అక్కడి పరిశోధకులు కొలిచారు. అక్కడ తోడేళ్ల దెబ్బ ఎక్కువగా తగిలింది సొంత హద్దు, గుంపు లేకుండా ఒంటరిగా తిరిగే కయోటీలకు. గుంపు అండ ఉన్నదానికీ లేనిదానికీ తేడా శత్రువు కంటికి కూడా కనిపిస్తుందన్నమాట. సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవిలో ఇది ఇంకా తీవ్రంగా జరిగింది. 1940ల చివర గడ్డకట్టిన నీటి మీదుగా తోడేళ్లు నడిచి వచ్చాక కొన్నేళ్లలోనే అక్కడ కయోటీ అన్నదే లేకుండా పోయింది. ఆ దీవిలో తోడేళ్లనూ, మూస్ అనే మహాకాయపు దుప్పులనూ 1958 నుంచీ ఏటా లెక్కిస్తున్నారు. 1980లో 50 ఉన్న తోడేళ్లు, కుక్కల నుంచి సోకిన పార్వో వైరస్‌తో రెండేళ్లలో 14కు పడిపోయాయి. ఆ తరువాత దగ్గరి రక్తంలోనే జతకట్టి క్షీణించి, చివరికి రెండంటే రెండు మిగిలాయి. మరోపక్క మూస్‌ల సంఖ్య రెండు వేలు దాటి, లేత ఫర్ చెట్లను ఎదగనివ్వకుండా మేసేశాయి. 2018, 2019 సంవత్సరాల్లో 19 తోడేళ్లను బయటి నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది.

ఇక కయోటీ మీద అమెరికా ప్రభుత్వం వందేళ్లకు పైగా చేస్తున్న యుద్ధాన్ని చూడండి. తలల లెక్క ఎంత పనికిరానిదో దీన్ని మించిన రుజువు లేదు. విషం పెట్టారు, బోనులు పెట్టారు, విమానాల్లోంచి కాల్చారు. కేంద్ర వ్యవసాయ శాఖ కింద పనిచేసే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అనే విభాగం ఇప్పటికీ ఏటా 60,000 అటూ ఇటూగా కయోటీలను చంపుతోంది. ప్రైవేటు వేటగాళ్లు చంపేవి దీనికి అదనం. ఫలితం? ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన ఈ జంతువు ఇవాళ అట్లాంటిక్ తీరం దాకా, ఇటు అలాస్కా నుంచి అటు పనామా దాకా విస్తరించింది. తోడేళ్లు పోయి దారి సుగమం కావడం ఇందుకు ఒక కారణం. రెండో కారణం దాని కుటుంబ వ్యవస్థలోనే ఉంది. నిలకడగా ఉన్న కయోటీ గుంపులో సాధారణంగా ఒక్క జతే పిల్లల్ని కంటుంది. మిగిలిన ఆడవి ఈడొచ్చినా ఊరుకుంటాయి. ఆ పెద్ద జతను చంపినప్పుడు కట్టు తప్పి, ఏడాది వయసువి కూడా ఈనుతాయి, తిండికి పోటీ తగ్గి పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, ఖాళీ అయిన హద్దులోకి బయటివి వచ్చి చేరతాయి. ఏటా 70 శాతానికి పైగా చంపితే తప్ప వాటి సంఖ్య దిగజారదని 1975లోనే లెక్కలు తేలాయి. అయినా కార్యక్రమం ఆగలేదు, ఎందుకంటే ఏడాది చివర నివేదికలో చూపించడానికి 60,000 అనే అంకె ఎంత బాగుంటుందో ఏ గుమాస్తానైనా అడగండి.

యూటాలో 1990ల చివర జరిగిన ఒక ప్రయోగం ఈ విషయంలో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. వేసవి మొదట్లో గొర్రెపిల్లల్ని ఎక్కువగా ఎత్తుకుపోయేది పిల్లల్ని పెంచుతున్న కయోటీ జతలే. అందుకని పరిశోధకులు కొన్ని గుంపుల్లోని పెద్ద జతలకు, వాటి హార్మోన్లు చెడకుండా, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి వదిలేశారు. ఆ జతలు విడిపోలేదు, తమ హద్దును వదలలేదు, పరాయి కయోటీలను రానివ్వలేదు; మేపవలసిన నోళ్లు లేకపోవడంతో గొర్రెపిల్లల జోలికి రావడం మాత్రం బాగా తగ్గించాయి. అంటే ఆ గొర్రెల మందను కాపాడింది చనిపోయిన కయోటీ కాదు, బతికి తన హద్దు తాను కాసుకున్న కయోటీ. ఇలాంటి శస్త్రచికిత్స అన్నిచోట్లా చేయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ఎవరూ చేయరు, ఆ సంగతి వేరు. కానీ సమస్య ఎక్కడుందో దీనికంటే విప్పి చెప్పే ప్రయోగం నాకు కనిపించలేదు.

మా కాలనీ వెనక వాగు పక్కన ఒక కయోటీ జత ఉంటుంది. చలికాలం ఉదయాల్లో వాటిలో ఒకటి మంచులో కదలకుండా నిలబడి, తల ఒక పక్కకు వంచి, చెవులు నేల వైపు తిప్పి వింటుంది. ఉన్నట్టుండి నాలుగు కాళ్లూ గాలిలోకి లేపి, ముక్కు ముందుగా మంచులోకి దూకి, నోట్లో ఒక ఎలుకతో పైకి లేస్తుంది. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో దాని ఫోటో వచ్చిన ప్రతిసారీ "అన్నా, కౌంటీకి ఫోన్ చేసి వీటిని పట్టించేద్దామా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చిన్నపిల్లలున్నవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. కుక్కపిల్లను గొలుసు లేకుండా వదలొద్దనీ, చెత్తడబ్బా మూత బిగించమనీ, దగ్గరికి వస్తే చేతులెత్తి గట్టిగా అరవమనీ చెబుతాను. ఈ జతను తీసేస్తే మరో జత వస్తుంది, అది మనుషులకు అలవాటు పడిందో లేదో మనకు తెలియదు అని కూడా చెబుతాను. షికాగో చుట్టూ 2000 నుంచి స్టాన్లీ గేర్ట్ బృందం చేస్తున్న పరిశోధనలో నగరపు కయోటీల తిండిలో అగ్రస్థానం ఎలుకలూ, వాటి జాతి జీవులదేనని తేలింది. పార్కులను ఖరాబు చేసే కెనడా బాతుల గుడ్లను తిని వాటి పెరుగుదలకు పగ్గం వేస్తున్నవీ అవే. శాన్ డియాగో లోయల్లో కయోటీలు తిరిగే చోట పెంపుడు పిల్లులూ చిన్న నక్కలూ వెనక్కి తగ్గి, పొదల్లో గూళ్లు కట్టే పిట్టలు ఎక్కువ రకాలు బతికి ఉన్నాయని కెవిన్ క్రూక్స్, మైకేల్ సూలే 1999లో చూపించారు. లమార్ లోయలో తోడేలు కయోటీకి చేసేదే ఇక్కడ కయోటీ పిల్లికి చేస్తోంది.

ఇంతవరకూ తోడేళ్ల వ్యతిరేకుల మీద రాశాను. ఇప్పుడు నా పక్షం వాళ్ల మీద. తోడేళ్లు వచ్చి నదుల గతినే మార్చేశాయని చెప్పే ఒక చిన్న వీడియోను పదేళ్లుగా కోట్ల మంది చూశారు. తోడేళ్ల మాటెత్తితే చాలు, మనవాళ్లలో కూడా ఎవరో ఒకరు దాన్ని పంపిస్తారు. తోడేళ్లు వచ్చాయి, ఎల్క్‌లు తగ్గాయి, విల్లో పొదలు పెరిగాయి, చెట్లు కొరికి పడేసే బీవర్లు అనే జంతువులు వచ్చి వాగులకు ఆనకట్టలు కట్టాయి, వాగులు కుదుటపడ్డాయి అన్నది ఆ కథ. ఇందులో మొదటి రెండు మెట్లు నిజమే: 1994లో సుమారు 19,000 ఉన్న ఉత్తర ప్రాంతపు ఎల్క్‌ల మంద 2013 నాటికి 4,000కు తగ్గింది. అయితే అదే కాలంలో గ్రిజ్లీ ఎలుగులూ, కొండ సింహాలూ పెరిగాయి, పార్కు బయట మనుషులూ వేటాడారు. ఆ పై మెట్లు మరీ బలహీనం. బీవర్లు పోయి ఆనకట్టలు తెగిన ఆ డెబ్బై ఏళ్లలో వాగులు లోతుగా కోసుకుపోయి భూగర్భజలం దిగిపోయింది. వేళ్లకు నీరందని విల్లోలు, ఎల్క్‌లు మేసినా మేయకపోయినా, ఎదగలేవు. టామ్ హాబ్స్ బృందం 2001 నుంచి ఇరవై ఏళ్లు కొన్ని చోట్ల కంచెలు వేసి, కొన్ని చోట్ల కృత్రిమంగా ఆనకట్టలు కట్టి చూస్తే, నీటిమట్టం లేచిన చోటే విల్లోలు బాగా ఎదిగాయి తప్ప తోడేళ్లు ఉన్నంత మాత్రాన ఎదగలేదు. ఎల్క్‌లు వదిలిన మేతను చాలాచోట్ల బైసన్లు అందుకున్నాయి. విలియం రిపుల్, రాబర్ట్ బెష్టా వంటి శాస్త్రవేత్తలు కోలుకున్న చోట్లను చూపిస్తూ ఇంకా వాదిస్తున్నారు, వాదించనివ్వండి. కానీ ఆ వీడియో చెప్పినంత ఖచ్చితంగా చెప్పడం సరికాదు.

దీన్ని ఎత్తి చూపితే తోడేళ్ల శత్రువులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని నా స్నేహితులు కొందరు నొచ్చుకుంటారు. నా అభిప్రాయం అందుకు విరుద్ధం. తోడేళ్లను మంత్రగాళ్లుగా అమ్మితే, మంత్రం పారని రోజున కొన్నవాడు వెనక్కి ఇచ్చేస్తాడు. పైగా ఆ కథ నిజానికి చెబుతున్నది, పోగొట్టినదాన్ని డెబ్బై ఏళ్ల తరువాత తెచ్చిపెట్టినా అన్నీ తిరిగి రావని. అది తోడేళ్లను రక్షించడానికి బలమైన వాదమే, కాకపోతే ఉన్నచోట పోనివ్వకుండా చూడమనే వాదం. నిక్కచ్చిగా కొలిచిన మేళ్లు వేరే ఉన్నాయి: విస్కాన్సిన్‌లో తోడేళ్లు స్థిరపడిన కౌంటీల్లో రోడ్ల మీద జింకలను కార్లు ఢీకొట్టడం సుమారు 24 శాతం తగ్గిందని 2021లో ఆర్థిక శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో అదే రాష్ట్రం 119 తోడేళ్లకు అనుమతిస్తే, మూడు రోజులు నిండకుండానే వేటగాళ్లు 218 చంపారు. ఫిబ్రవరి అవి జతకట్టే నెల.

పశువులు పోగొట్టుకునేవాడి బాధ మాటేమిటని అడగకుండా ఈ చర్చ ముగించడం నగరవాసి అహంకారం. ఆవుదూడ పోతే నష్టపరిహారం వస్తుంది, కానీ ఎక్కడో కొండల్లో మాయమైన దూడను తోడేలే తిన్నదని రుజువు చేయడం తేలిక కాదు. అయితే ఇక్కడి పద్ధతిలో ఉన్న ఒక ముఖ్యమైన లోపం తెలుగు గ్రామాల్లో పుట్టినవాడికి వెంటనే కంటపడుతుంది: వందల ఆవుల్ని ప్రభుత్వ భూముల్లోకి తోలి, వారాల తరబడి వాటి వెంట మనిషే లేకుండా వదిలేస్తారు. తెలంగాణలో, రాయలసీమలో గొల్ల కురుమలు మందతో పాటే నడుస్తారు, రాత్రి పొలంలో మందకట్టి దాని పక్కనే పడుకుంటారు, కుక్కలు వెంట ఉంటాయి. అయినా తోడేలు గొర్రెను ఎత్తుకుపోతుంది, ఆ నష్టానికి పరిహారం అందేదీ అంతంత మాత్రం. కానీ ఆ కాపలా వల్లే దక్కను మెట్టల్లో మనిషీ తోడేలూ వేల ఏళ్లుగా ఒకే నేల మీద నెట్టుకొచ్చారు. దేశం మొత్తం మీద మూడు వేల పైచిలుకు మాత్రమే మిగిలిన ఆ తోడేళ్లకు ఇవాళ ముప్పు గొర్రెల కాపరి కర్ర కంటే, గడ్డి భూములను బంజర్ల పద్దులో రాసి ధారాదత్తం చేసే కాగితం వల్లా, ఊరకుక్కల వల్లా ఎక్కువ. రోళ్లపాడు లాంటి చోట్ల బట్టమేక పిట్ట కోసం కాపాడిన గడ్డి నేల వాటికీ ఆశ్రయమైంది. అలాంటి నేలలు ఎన్ని మిగిలాయి?

తిరిగి గుంపు లెక్కకు వస్తాను. డెనాలీ, యెల్లోస్టోన్‌తో సహా అయిదు నేషనల్ పార్కుల దశాబ్దాల వివరాలను కలిపి చూసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. మనుషుల వల్ల ఒక తోడేలు చనిపోయినప్పుడు, ఆ గుంపు ఏడాది చివరిదాకా నిలిచే అవకాశం 27 శాతం తగ్గుతుందట; చనిపోయింది తల్లో తండ్రో అయితే 73 శాతం. మరుసటి ఏడు పిల్లలు పుట్టే అవకాశం కూడా అలాగే పడిపోతుంది. పార్కు మొత్తం సంఖ్యలో ఈ మార్పు కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఖాళీలను మరో గుంపు పిల్లలు పూరిస్తాయి. ఎల్క్‌ను ఎక్కడ మాటు వేయాలో, ఏ కయోటీని ఎంతవరకు తరమాలో, ఏ రోడ్డు దాటకూడదో నేర్పే పెద్దలు మాత్రం ఆ ఖాళీల్లో దొరకరు. మోంటానా 2022లో పార్కు పక్క మండలాల్లో కోటాను మళ్లీ పెట్టింది. నన్నడిగితే ఆ కోటాను తోడేళ్ల సంఖ్యతో కాక, ఏ గుంపులో పెద్ద జత దెబ్బతింటే వేట అక్కడితో ఆగాలన్న షరతుతో రాయాలి. మెడకు రేడియో కాలర్లు వేసి రోజూ గమనిస్తున్న గుంపుల విషయంలో అది అసాధ్యమేమీ కాదు.

మా కొలరాడో కూడా ఈ పాఠం నేర్చుకోవడంలో తడబడింది. 2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి పది తోడేళ్లను తెచ్చి వదిలారు. వాటిలో ఒక జత మరుసటి వసంతంలో గ్రాండ్ కౌంటీలో పిల్లల్ని కన్నది. కాపర్ క్రీక్ గుంపు అని పేరు పెట్టారు. పశువుల మీద దాడులు మొదలయ్యాక రైతులు మొత్తుకున్నారు, వేసవి చివరికి ప్రభుత్వం ఆ కుటుంబాన్నే పట్టి బంధించింది. తండ్రి బంధనంలో కొద్ది రోజులకే చనిపోయింది. పట్టుకోకముందే ఎవరో దాన్ని తుపాకీతో కాల్చారని తరువాత తెలిసింది. తల్లినీ నాలుగు పిల్లలనూ 2025 జనవరిలో మరోచోట వదిలారు. ఆ ఏడు మే నెలలో ఆ పిల్లల్లో ఒకదాన్ని, పశువుల మీద దాడులు ఆగలేదని, ప్రభుత్వ సిబ్బందే చంపారు. గుర్రాల మీద మందల వెంట తిరిగే కాపలాదారులను రాష్ట్రం ఒక కార్యక్రమంగా నియమించింది ఆ 2025లోనే. అదే పని ఏడాది ముందు, ఆ తల్లిదండ్రులు తమ మొదటి ఈత పిల్లలకు వేట నేర్పడం మొదలుపెట్టకముందు చేసి, ఆ కాపలాదారుల జీతభత్యాల భారం నాలాంటి నగరపు ఓటర్ల పన్నుల మీద వేసి ఉంటే, ఆ పిల్లలు మొదట రుచి చూసేది దూడ మాంసం కాక ఎల్క్ మాంసం అయ్యే అవకాశమైనా ఉండేది.